మిగిలిన మాంసంతో ఫిలిప్పీన్స్ వెల్లుల్లి వేపుడన్నం

ఫిలిప్పీన్స్ దేశపు ఇళ్లలో రాత్రి మిగిలిన అన్నాన్ని పొద్దున పారబోయరు. దానిని వెల్లుల్లి వేయించిన నూనెలో పొడిపొడిగా వేపి, పక్కన ఒక గుడ్డు, కొంచెం మాంసం పెట్టుకొని ఫలహారంగా తింటారు. ఈ వెల్లుల్లి అన్నానికి అక్కడ సినంగాగ్ అని పేరు. ముందురోజు వండిన మాంసం, అందులోనూ అదోబో అనే వెనిగర్ కూర మిగిలి ఉంటే, ముక్కలను చీల్చి, ఆ కూరలోని కొవ్వులోనే కరకరలాడేటట్లు వేయించి అన్నంలో కలుపుతారు. ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం ప్రాంతాల తెలుగు ఇళ్లలో ఆదివారపు మాంసమూ, మరునాటికి మిగిలే అన్నమూ రెండూ మామూలే కనుక ఈ వంటకు కొత్తగా కొనవలసినది దాదాపు ఏమీ ఉండదు. ఇక్కడి నుంచి ఓడల్లో పనికి, గల్ఫ్ దేశాలకు వెళ్లివచ్చిన యువకులకు దీని రుచి కొత్తదేమీ కాదు, ఎందుకంటే ఆ రెండు చోట్లా ఫిలిప్పీన్స్ వారు లేని వంటగది అరుదు. ఇంట్లో చేయబోయినప్పుడు మాత్రం అది మన బజారులోని ఫ్రైడ్ రైస్‌లాగానో, లేకపోతే మాంసం కలిపిన పులిహోరలాగానో తయారవుతుంది. అలా కాకుండా ఎలా చేయాలో ఈ వ్యాసంలో వివరిస్తాను.

ముందుగా ఒక తేడాను గుర్తించాలి. సాయంత్రం బండి మీద అమ్మే ఫ్రైడ్ రైస్‌లో క్యాబేజీ, క్యారెట్, చిల్లీ సాస్, సోయా సాస్, వెనిగర్ అన్నీ కలిసి ఉంటాయి, అందులో అన్నానికి సొంత రుచి అవసరం లేదు. ఫిలిప్పీన్స్ వేపుడన్నంలో కూరగాయలు ఉండవు, సాస్ అన్నం మీద పోయరు, మసాలా పొడి అసలే వేయరు. వెల్లుల్లి, ఉప్పు, నూనె, బాగా ఆరిన అన్నం, తన కొవ్వులో వేగిన మాంసం, ఇంతే. వస్తువులు ఇన్ని తక్కువగా ఉన్నప్పుడు ఏ ఒక్కటి సరిగా లేకపోయినా దానిని కప్పిపుచ్చడానికి మరొకటి ఉండదు. కాబట్టి ఈ వంట నిజానికి పొయ్యి దగ్గర కాదు, ముందురాత్రి అన్నాన్నీ కూరనూ ఎలా ఎత్తిపెట్టామన్న దగ్గరే బాగుపడడమో చెడిపోవడమో జరుగుతుంది.

అన్నం సంగతి

అప్పుడే దించిన అన్నంలో ఆవిరి, తడి నిండి ఉంటాయి, మెతుకు మీద పిండి జిగురు మెత్తగా ఉంటుంది. దానిని కళాయిలో వేస్తే వేగదు, ఉడుకుతుంది, అడుగున అంటుకొని ముద్ద అవుతుంది. అన్నం చల్లారి కొన్ని గంటలు చలువలో ఉన్నప్పుడు ఉడికిన పిండి పదార్థం మళ్లీ గట్టిపడుతుంది, పైతడి ఆరిపోతుంది, మెతుకు మెతుకుకూ అంటకుండా నిలబడుతుంది. నూనె అప్పుడే మెతుకు చుట్టూ పలుచని పొరగా పడుతుంది. ఒకరాత్రి ఫ్రిజ్‌లో ఉన్న అన్నం ఇందుకు అన్నిటికంటే అనువైనది. ఆ వ్యవధి లేనప్పుడు, మామూలుగా పోసే నీటిలో గ్లాసు బియ్యానికి పావు గ్లాసు చొప్పున తగ్గించి పలుకుగా వండి, వెడల్పాటి పళ్లెంలో పలుచగా పరిచి, ఫ్యాన్ గాలికి ఆరనిచ్చి, మూత పెట్టకుండా రెండు గంటలు ఫ్రిజ్‌లో ఉంచితే పని నడుస్తుంది, కాని రాత్రి అన్నానికి వచ్చే పొడితనం పూర్తిగా రాదు.

ఒడిశా సరిహద్దున ఉన్నవారికి బియ్యం విషయంలో ఒక వెసులుబాటు ఉంది. ఇక్కడి ఒడియా ఇళ్లలో ఉసునా అనే ఉప్పుడు బియ్యం, తెలుగు ఇళ్లలో ఎక్కువగా పచ్చి బియ్యం వాడతారు, రెండూ ఒకే దుకాణంలో దొరుకుతాయి. ఉప్పుడు బియ్యాన్ని వడ్లుగా ఉన్నప్పుడే నానబెట్టి, ఉడికించి, ఎండబెట్టి ఆడిస్తారు కనుక ఆ గింజ గట్టిగా ఉండి, వండిన తరువాత కూడా విడివిడిగా నిలుస్తుంది. వేపుడన్నానికి అది చక్కగా సరిపోతుంది, కాకపోతే దానికున్న ప్రత్యేకమైన వాసన అలవాటు లేనివారికి వెల్లుల్లితో పాటు కొంత ముందుకు వస్తుంది. పచ్చి బియ్యమైతే పాతవి కావాలి. స్వర్ణ అయినా, సాంబ మసూరి అయినా, కోతలు అయిన కొత్తలో వచ్చే బియ్యం జిగురుగా వండుతాయి కాబట్టి మార్గశిర, పుష్య మాసాలలో కొత్త బియ్యంతో ఈ వంటకు పూనుకోకపోవడమే మంచిది. బాస్మతి అవసరం లేదు. ఫిలిప్పీన్స్‌లో తినే అన్నం మన సన్నబియ్యపు అన్నం కంటే కొంచెం మెత్తనిదే. పొడవాటి సుగంధపు గింజతో చేస్తే రుచి బిర్యానీ వైపు జారిపోతుంది.

మరొక జాగ్రత్త మన ప్రాంతానికే ప్రత్యేకం. మిగిలిన అన్నం అనగానే ఇక్కడ చాలా ఇళ్లలో రాత్రే నీళ్లు పోసి చద్దన్నంగానో, ఒడియావారి పొఖాళగానో చేసేస్తారు. వేసవిలో అది ఎంతో మంచి ఆహారం, కాని వేపుడుకు ఎంతమాత్రం పనికిరాదు. నీళ్లలో నానిన మెతుకు ఉబ్బి ఉంటుంది, ఎంత పిండి ఆరబెట్టినా కళాయిలో పడగానే చితికిపోతుంది, పులుపు కూడా వెల్లుల్లికి ఎదురు తిరుగుతుంది. అందువల్ల రేపు వేపుడన్నం చేయాలని ఉంటే ఆ వంతు అన్నాన్ని నీళ్లు పోయకముందే తీసి పక్కన పెట్టుకోవాలి.

అన్నాన్ని ఎత్తిపెట్టే పద్ధతి రుచికే కాక ఆరోగ్యానికీ సంబంధించినది కనుక దీనిని కొంచెం వివరంగా చెప్పాలి. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు వండినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి గిన్నెలో ఉండిపోతే అవి మొలకెత్తి పెరుగుతాయి, వాటిలో కొన్ని రకాలు వాంతులు కలిగించే ఒక విషపదార్థాన్ని తయారుచేస్తాయి. ఆ విషం వేడికి విరగదు, మరునాడు ఎంత మంట మీద వేపినా అలాగే ఉంటుంది. కాబట్టి చెడిన అన్నాన్ని బాగా వేయిస్తే సరిపోతుందన్న మాట నిజం కాదు. ఐదు డిగ్రీల నుంచి అరవై డిగ్రీల వరకు ఉండే వేడిమి ఈ జీవులకు అనుకూలం, బరంపురం ఎండాకాలపు రాత్రి సరిగ్గా ఆ మధ్యలోనే ఉంటుంది. తినడం అయిన వెంటనే మిగిలిన అన్నాన్ని లోతు గిన్నెలో కుప్పగా వదిలేయకుండా, అంగుళం మందానికి మించకుండా పళ్లెంలో పరిచి, ఆవిరి పోయాక, వండిన గంట రెండు గంటల లోపే మూతతో ఫ్రిజ్‌లో పెట్టాలి, మరునాడే వాడుకోవాలి. రాత్రంతా వంటగదిలో బయట ఉన్న అన్నం మంచి వాసనే వస్తున్నా, ఈ వంటకు దానిని తీసుకోవద్దు.

కరెంటు పోయే ఊళ్లలో ఫ్రిజ్‌ను నమ్ముకోవడానికి ఒక హద్దు ఉంది. తలుపు తీయకుండా ఉంచితే ఫ్రిజ్ సుమారు నాలుగు గంటలపాటు తన చలువను నిలుపుకుంటుంది, ఆపైన లోపలి అన్నమూ మాంసమూ బయట ఉన్నట్టే లెక్క. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు గజపతి జిల్లాలో కరెంటు లేకుండా గడిపిన ఇళ్లవారికి ఈ లెక్క వేరే చెప్పనక్కరలేదు. రాత్రి ఎంతసేపు కరెంటు పోయిందో తెలియనప్పుడు ఆ అన్నాన్ని వదులుకోవడమే లాభం.

మాంసం ఏది, ఎలా

ఫిలిప్పీన్స్‌లో ఈ అన్నంలోకి వెళ్లే మాంసం సాధారణంగా అదోబోలో మిగిలినది. కోడి లేదా పంది మాంసాన్ని వెనిగర్, సోయా సాస్, వెల్లుల్లి, మిరియాలు, బిర్యానీ ఆకులాంటి ఒక ఆకుతో ఉడికించేది అదోబో. స్పెయిన్ పాలకులు వచ్చేనాటికే ఆ ద్వీపాలలో మాంసాన్ని వెనిగర్‌లో ఉడికించి నిలవ ఉంచే పద్ధతి ఉంది, పేరు మాత్రం స్పానిష్ వారు పెట్టినది, సోయా సాస్ చైనా వర్తకులతో వచ్చి చేరినది. సోయా సాస్ లేకుండా ఉప్పుతో మాత్రమే చేసే తెల్ల అదోబో ఇప్పటికీ ఉంది. వెనిగర్ పులుపు వల్ల ఈ కూర మామూలు కూరల కంటే మెల్లగా పాడవుతుంది, మరునాటికి రుచి ఇంకా పెరుగుతుంది. అందుకే మిగిలిన మాంసపు వేపుడన్నం అక్కడ ఒక సర్దుబాటుగా కాక, దానికోసమే కూర కొంచెం ఎక్కువ వండుకునే వంటగా నిలబడింది.

మీరు కూడా దీనికోసమే వండదలచుకుంటే, ఆదివారం తెచ్చిన కోడిలో ఒక కిలోను విడిగా తీయండి. అర కప్పు వెనిగర్, అర కప్పుకు కొంచెం తక్కువ సోయా సాస్, ఒక పెద్ద వెల్లుల్లి గడ్డలోని రెబ్బలన్నీ చితక్కొట్టి, ఒక చెంచా మిరియాలు కచ్చాపచ్చాగా దంచి, రెండు బిర్యానీ ఆకులు, ఒక కప్పు నీళ్లు కలిపి సన్నని మంట మీద ముప్పై అయిదు, నలభై నిమిషాలు ఉడికించాలి. వెనిగర్ పొంగు వచ్చి దాని ఘాటు ఎగిరిపోయేదాకా గరిటె పెట్టి కలపకూడదన్నది ఫిలిప్పీన్స్ వంటవారి నియమం. ఆ సమయంలో మూత కూడా తీసి ఉంచితే పచ్చి వాసన పోతుంది. ముక్క మెత్తబడ్డాక రసం చిక్కబడి నూనె తేలేవరకు ఇంకించాలి. మన దుకాణాల్లో దొరికే సోయా సాస్‌లో నల్లనిది రంగుకోసం చేసినది, కొంచెం తియ్యగా కూడా ఉంటుంది, వీలైతే పలుచని రకాన్ని ఎంచుకొని, ఉప్పు మాత్రం చివర రుచి చూసిన తరువాతే వేయాలి. వెనిగర్ సీసా మీద సింథటిక్ అని ఉన్నది ఘాటుగా ఉంటుంది, ఒకటి రెండు చెంచాలు తగ్గించి పోయడం మేలు. ఫిలిప్పీన్స్ వారు కొబ్బరి కల్లు, చెరకు రసం వంటివాటిని పులియబెట్టి చేసిన వెనిగర్ వాడతారు. మన్యంలో తాటి కల్లు, జీలుగు కల్లు దొరుకుతున్నా పులిసిన కల్లు వెనిగర్‌కు బదులు కాదు, అందులో ఇంకా సారా గుణం మిగిలి ఉంటుంది, పులుపు నిలకడగా ఉండదు. ఇక్కడ దొరికే బిర్యానీ ఆకు దాల్చిన చెక్క కుటుంబానికి చెందినది, ఫిలిప్పీన్స్‌లో వేసేది వేరే చెట్టు ఆకు. మన ఆకు వాసన ఎక్కువ మసాలాగా ఉంటుంది కాబట్టి రెండు ఆకులతో ఆపితే కూర అదోబోలాగానే ఉంటుంది.

అయితే చాలామంది చేతిలో ఉండేది అదోబో కాదు, ఆదివారపు మసాలా కూర. దానిని ఈ అన్నంలోకి మార్చడం సాధ్యమే, కాని కూరను గిన్నెతో సహా అన్నంలో గుమ్మరిస్తే మిగిలేది కూర కలిపిన అన్నమే. ముందు కూరను బాగా పొగలు వచ్చేటట్లు వేడిచేసి, ముక్కలను గరిటెతో తీసి, జల్లి గిన్నెలో వేసి గుజ్జు కారిపోనివ్వాలి. చేతితో పట్టుకోగలిగేంత చల్లారాక ఎముకలు తీసి, మాంసాన్ని పీచు దారిలో వేలెడు పొడవు పోగులుగా చీల్చాలి. కోడికి ఇది సులువు. మేక మాంసమైతే పీచు గట్టిది కనుక కత్తితో అడ్డంగా సన్నగా తరగాలి. కొబ్బరి, గసగసాలు నూరిన కూర అయితే ఆ ముద్ద ముక్కకు అంటి ఉంటుంది, అది కళాయిలో మాడి అన్నాన్ని ముద్ద చేస్తుంది. అటువంటప్పుడు ముక్కలను వేడినీటిలో ఒక్కసారి ముంచి తీసి పొడిగుడ్డతో అద్దితే పోతుంది, రుచి పోతుందన్న భయం వద్దు, లోపలికి పట్టిన ఉప్పుకారాలు అలాగే ఉంటాయి. గోంగూరతో గాని, చింతపండుతో గాని వండిన మాంసమైతే వెనిగర్ మళ్లీ వేయనక్కరలేదు.

ఇక్కడి మాంసపు కూరల్లో బంగాళాదుంప ఉండడం ఒడియావారి ప్రభావమే కావచ్చు, సరిహద్దున మాత్రం దుంప లేని మేక మాంసం అసంపూర్ణమన్నట్టే చూస్తారు. ఆ దుంపలను పారేయవద్దు, మాంసంతో కలిపి చీల్చనూ వద్దు. చిన్న ఘనాలుగా కోసి, నూనెలో విడిగా ఎర్రగా వేపి, వడ్డించేటప్పుడు పైన చల్లితే ఫిలిప్పీన్స్ పద్ధతికి అది కొత్త చేర్పు అయినా తినడానికి చక్కగా ఉంటుంది. జల్లిలో కారిన గుజ్జును చిన్న గిన్నెలో చిక్కబడేవరకు ఇంకించి పక్కన ఉంచుకోవచ్చు. ఆ గుజ్జు ఫ్రిజ్‌లో ఉన్నప్పుడు పైన గడ్డకట్టిన కొవ్వే అసలైన సంపద. దానిని చెంచాతో జాగ్రత్తగా ఎత్తి, నూనెకు బదులు దానిలోనే మాంసాన్ని వేయిస్తే, ఫిలిప్పీన్స్ ఇళ్లలో అదోబో కొవ్వుతో చేసే పనే ఇక్కడా జరుగుతుంది.

ఎన్ని రోజుల నిలవ వరకు పనికివస్తుందన్న ప్రశ్న మన ఇళ్లలో వేరే రూపంలో వస్తుంది. సోమవారం నీచు ముట్టని ఇళ్లలో ఆదివారపు కూర మంగళవారం దాకా ఆగాలి. వండిన మాంసం ఫ్రిజ్‌లో సరిగా ఉంటే మూడు రోజులు నిలుస్తుంది కనుక మంగళవారం వాడుకోవడంలో తప్పులేదు, కాని అన్నం అప్పటిదాకా ఉండదు, దానిని సోమవారం రాత్రి విడిగా వండి పెట్టుకోవాలి. మార్గశిర గురువారాలు పాటించేవారు ఆ వారపు లెక్కను ఇంకొంచెం ముందే వేసుకోవాలి. జాతరలోనో, విందులోనో గంటల తరబడి పెద్ద డేగిసాలో బయట ఉన్న మాంసాన్ని ఇంటికి తెచ్చుకొని మరునాటికి దాచడం మాత్రం వద్దు, అప్పటికే దాని గడువు తీరి ఉంటుంది.

వేయించడం

నలుగురికి సరిపోయేందుకు రెండు గ్లాసుల బియ్యం, అంటే సుమారు నాలుగు వందల గ్రాములు వండగా వచ్చిన అన్నం, ఎముకలు తీసిన మాంసం పావు కిలోకు కొంచెం ఎక్కువ, పదిహేను నుంచి ఇరవై వెల్లుల్లి రెబ్బలు, నాలుగు పెద్ద చెంచాల నూనె లేదా కొవ్వు, ముప్పావు చెంచా ఉప్పు, దంచిన మిరియాలు, నాలుగు గుడ్లు కావాలి. ఇరవై రెబ్బలు అన్న మాట చూసి వెనుకాడవద్దు. వేగిన వెల్లుల్లి పచ్చి వెల్లుల్లి కాదు, ఘాటు పోయి తియ్యని కమ్మదనం మిగులుతుంది, ఈ వంటకు పేరు తెచ్చేది అదే. నూనె వేరుశెనగదో, తవుడు నూనో అయితే మంచిది. ఒడియా వంటలకు ఎంతో అందం తెచ్చే ఆవనూనె ఇక్కడ వెల్లుల్లిని పూర్తిగా మింగేస్తుంది కాబట్టి దానిని ఈ పూటకు పక్కన పెట్టాలి.

వెల్లుల్లిని మెత్తగా నూరకూడదు, ముద్ద అయితే వెంటనే అంటుకొని మాడుతుంది. రెబ్బలను కత్తి వెడల్పుతో ఒత్తి, పొట్టు తీసి, బియ్యపు గింజకు రెండింతలు ఉండేటట్లు, ముఖ్యంగా అన్నీ ఒకే పరిమాణంలో, తరగాలి. కళాయిలో నూనె పోసి, కాగకముందే వెల్లుల్లి వేసి, సన్నని మంట మీద ఓపికగా కదుపుతూ ఉండాలి. మొదట నురగ వస్తుంది, అది వెల్లుల్లిలోని తడి బయటికి పోతున్న గుర్తు. నురగ తగ్గి, ముక్కలు లేత గోధుమ రంగుకు తిరగగానే వెంటనే జల్లెడ గరిటెతో తీసేయాలి. బంగారు రంగు వచ్చేదాకా ఆగుదామనుకుంటే ఆలస్యమైనట్టే, ఎందుకంటే తీసిన తరువాత కూడా లోపలి వేడికి అవి మరో రంగు ముదురుతాయి. మాడిన వెల్లుల్లి చేదు నూనెకంతటికీ పాకుతుంది, అటువంటి నూనెను పారబోసి మళ్లీ మొదలుపెట్టడం తప్ప దారి లేదు. తీసిన వేపుడు ముక్కలను పళ్లెంలో పరిచి ఆరనిస్తే కరకరలాడతాయి. ఎక్కువ చేసి సీసాలో దాచుకోవాలని కొందరికి అనిపిస్తుంది. వేయించి ఆరిన ముక్కలను దాచవచ్చు గాని, వెల్లుల్లి మునిగి ఉన్న నూనెను బయట నిలవ ఉంచడం ప్రమాదకరం, గాలి తగలని ఆ నూనెలో బోట్యులిజం అనే ప్రాణాంతకమైన విషబాధను కలిగించే జీవి పెరగగలదు.

ఇప్పుడు ఆ వెల్లుల్లి నూనెలో సగం ఒక గిన్నెలోకి వంచి, మిగిలిన సగంలో చీల్చిన మాంసాన్ని వేయాలి. మంట మధ్యస్థంగా ఉంచి, పోగులను పలుచగా పరిచి, రెండు నిమిషాలు కదపకుండా వదిలేస్తే అడుగువైపు ఎర్రబడి అంచులు పెళుసుగా అవుతాయి. అప్పుడు తిరగేసి మరో రెండు నిమిషాలు ఉంచాలి. మసాలా కూర మాంసమైతే ఈ దశలో ఒక పెద్ద చెంచా వెనిగర్, ఒక చిన్న చెంచా సోయా సాస్, అర చెంచా మిరియాల పొడి మాంసం మీదనే చల్లి, తడి పూర్తిగా ఇంకిపోయేదాకా వేయించాలి. సాస్ మాంసానికి పట్టాలి, అన్నానికి కాదు. అదోబో మాంసమైతే దాని రసమే రెండు పెద్ద చెంచాలు చాలు. వేగిన మాంసాన్ని కూడా బయటికి తీసి పెట్టాలి. దానిని అక్కడే ఉంచి పైన అన్నం పోస్తే, అన్నం నుంచి వచ్చే ఆవిరికి అంచుల పెళుసుదనం పోతుంది, అంత శ్రమా వృథా అవుతుంది.

అన్నాన్ని ఫ్రిజ్ నుంచి తీసిన వెంటనే, చేతులు కొంచెం తడి చేసుకొని గడ్డలన్నీ మెల్లగా విడగొట్టి, ఉప్పు దాని మీదనే చల్లి కలపాలి. కళాయిలో వేసిన తరువాత గరిటెతో గడ్డలు చితపాలని చూస్తే మెతుకులు విరుగుతాయి. మాంసం వేగిన కళాయి అడుగున అంటిన ఎర్రని పొరను కడగకుండా, దాచిన వెల్లుల్లి నూనె పోసి, మంట పెద్దది చేసి, నూనె పొగ అంచుకు వచ్చాక అన్నం వేయాలి. ఇంటి పొయ్యి మంట హోటల్ పొయ్యి మంటకు సాటిరాదు కనుక నలుగురి అన్నాన్ని ఒకేసారి వేయకుండా రెండు వాయిలుగా చేయడం మంచిది, కళాయి సగానికి మించి నిండితే వేగడం ఆగి ఆవిరి పట్టడం మొదలవుతుంది. అన్నాన్ని అట్లకాడతో కళాయికి ఒత్తి ఒక నిమిషం వదిలి, అడుగునుంచి తిరగేసి, మళ్లీ ఒత్తి వదలాలి. ఆగకుండా కలుపుతూనే ఉండడం మన చేతికి అలవాటు, ఆ అలవాటునే ఇక్కడ కొంత అదుపులో పెట్టుకోవాలి. ఆరేడు నిమిషాలలో మెతుకులు ఒకదానినొకటి తాకి గలగలమన్నట్టు కదులుతాయి, అక్కడక్కడ లేత ఎరుపు కనిపిస్తుంది, వేడి పొగ పైకి లేస్తుంది. గట్టి పలుకుగా ఉన్న ఉప్పుడు అన్నమైతే మధ్యలో ఒక చెంచా నీళ్లు చిలకరించి అర నిమిషం మూత పెడితే మెత్తబడుతుంది. కట్టెల పొయ్యి ఉన్నవారికి ఈ దశ గ్యాస్ కంటే బాగా కుదురుతుంది, కాని వెల్లుల్లి వేపే దశకు మాత్రం నిప్పులు వెనక్కి లాగి ఉంచుకోవాలి.

చివరగా మాంసాన్ని, వేపిన వెల్లుల్లిలో సగాన్ని అన్నంలో వేసి, రెండు మూడుసార్లు మాత్రమే తిరగేసి, వెంటనే దించాలి. మాంసం అడుగుదాకా పొగలుగక్కేంత వేడెక్కిందో లేదో ఒక ముక్క నోట్లో వేసుకొని చూసుకోవాలి, బయట వేడిగా ఉండి లోపల చల్లగా ఉన్న మాంసం మంచిది కాదు. మిగిలిన వెల్లుల్లి పళ్లెంలో పెట్టాక పైన చల్లాలి. ఉల్లికాడలు చల్లితే తప్పులేదు. కొత్తిమీర, పుదీనా, నెయ్యి మాత్రం వద్దు, అవి పడిన క్షణం నుంచి దీని రుచి మనకు అలవాటైన పలావు వైపు నడుస్తుంది.

పక్కన ఏమి పెట్టాలి

గుడ్డు లేకుండా ఫిలిప్పీన్స్ ఫలహారం పూర్తికాదు. ఎండబెట్టిన లేదా ఊరవేసిన పశుమాంసపు పలుచని ముక్కలు, వెల్లుల్లి అన్నం, గుడ్డు కలిసిన పళ్లేన్ని తాప్సిలోగ్ అంటారు, మాంసం మారితే పేరూ మారుతుంది, గుడ్డు మాత్రం మారదు. కాస్త ఎక్కువ నూనెలో గుడ్డు పగులగొట్టి, అంచులు జాలీలాగా ఎర్రబడి, సొన ఇంకా పలుచగా ఉండగా తీస్తే, ఆ సొన అన్నం మీద జారి సాస్ అవసరం తీరుస్తుంది. చిన్నపిల్లలకు, గర్భిణులకు సొన గట్టిపడేదాకా వేయించి పెట్టాలి.

పులుపు కోసం అక్కడ పచ్చి బొప్పాయిని తురిమి వెనిగర్, పంచదార, అల్లం, క్యారెట్‌తో ఊరవేసిన అత్చారా తింటారు. బరంపురం ఊరగాయలకు పేరుపొందిన ఊరే అయినా, నూనె, ఆవపిండి నిండిన మన ఊరగాయ ఈ అన్నం పక్కన బరువైపోతుంది. ఒడియా ఇళ్లలో దాల్మా అనే పప్పుకూరకని తెచ్చే పచ్చి బొప్పాయిలో ఒక ముక్క తీసుకొని, సన్నగా తురిమి, ఉప్పు రాసి అరగంట ఉంచి గట్టిగా పిండి, సమంగా వెనిగర్, నీళ్లు, అందులో సగం పంచదార వేసి కాచి చల్లార్చిన పానకం పోస్తే మరునాటికి తినడానికి సిద్ధమవుతుంది, ఫ్రిజ్‌లో వారం నిలుస్తుంది. అంత ఓపిక లేనివారు వెనిగర్‌లో చితక్కొట్టిన వెల్లుల్లి, ఒక పచ్చిమిరపకాయ, చిటికెడు ఉప్పు వేసి చిన్న గిన్నెలో పక్కన పెట్టుకుంటే చాలు, ఫిలిప్పీన్స్ బల్లల మీద అది కూడా ఉంటుంది. వారి చిన్న నిమ్మజాతి కాయ కలమాన్సీకి బదులు మన నిమ్మకాయ సరిపోతుంది.

మాంసం లేని రోజున ఈ అన్నం వృథా పోదు. ఉప్పుచేపను కరకరగా వేపి వెల్లుల్లి అన్నంతో తినడం ఫిలిప్పీన్స్‌లో అతి సామాన్యమైన ఫలహారం. గంజాం తీరం నుంచి సంతలకు వచ్చే ఎండుచేపలను వేడినీటిలో కడిగి, తుడిచి, ఆ వెల్లుల్లి నూనెలోనే వేపితే అదే జత కుదురుతుంది. అటువంటప్పుడు అన్నంలో ఉప్పు సగానికి తగ్గించాలి.

ఈ అన్నాన్ని పిల్లల డబ్బాలో పెట్టి పంపేటట్లయితే పలుచగా పరిచి ఆవిరి పోయాకనే మూత పెట్టాలి, గుడ్డు పూర్తిగా గట్టిపడాలి, వెల్లుల్లిని విడి పొట్లంలో ఇవ్వాలి. ఎండాకాలంలో మధ్యాహ్నం దాకా బయట ఉండే డబ్బాలో మాంసం కలిపిన అన్నం పంపకపోవడమే మంచిది. ఒకసారి మిగిలి, వేగి, మళ్లీ మిగిలిన అన్నాన్ని మరో పూటకు దాచకూడదు, కనుక కళాయిలో వేసేటప్పుడే తినగలిగినంత కొలిచి వేసుకోవాలి.